గడప దాకా ఊపిరి

ఇంటర్వ్యూ అయిపోయాక ప్రతి ఆసుపత్రిలోనూ ఒక మాట అంటారు: "మీరేమైనా అడగాలనుకుంటున్నారా సిస్టర్?" అడగమన్నారు కదా అని నిజంగా అడిగితే ముఖం మాడ్చుకుంటారు. జీతం గురించి అడిగితే ఆశపోతు, సెలవుల గురించి అడిగితే పనిదొంగ. నేను ఆ రెండూ అడగలేదు. మా ఆయనకు మడికొండ ఐటీ పార్కులో ఏసీలు బాగుచేసే పని దొరికి, ములుగు నుంచి వరంగల్‌కు మకాం మార్చిన ఆ ఎండాకాలంలో, ఎక్కిన ప్రతి ఆసుపత్రి మెట్లూ ఒకే ప్రశ్న నోట్లో పెట్టుకుని ఎక్కాను.

"ఇక ఆశ లేదన్న పేషెంటును ఇంటికి పంపేటప్పుడు, అంబులెన్సులో తోడు ఎవరెవరు వెళ్తారు?"

ఎదుట కూర్చున్నవాళ్లు ఒకసారి నా సర్టిఫికెట్లను, ఒకసారి నన్ను చూసేవాళ్లు. కొత్త ఊరికి వచ్చిన నర్సు హాస్టల్ ఉందా, నైట్ డ్యూటీలు ఎన్ని అని అడుగుతుంది గానీ, చావబోయేవాడి బండి గురించి అడుగుతుందా? పిచ్చిదనుకుని ఉంటారు. అనుకోనీ. ఆ జవాబు వినకుండా నేను ఏ ఆసుపత్రిలోనూ చేరదలచుకోలేదు.

ఎందుకో చెప్పాలంటే ముందు మా వైపు పద్ధతి ఒకటి చెప్పాలి. ఇంటి బయట ప్రాణం పోయిన మనిషిని మా ఊళ్లలో గడప దాటించి లోపలికి తేరు. వాకిట్లోనే పడుకోబెడతారు. ఇటుక ఇటుక తనే మోసి కట్టుకున్న ఇల్లయినా సరే, బయట పోయినవాడికి ఆ ఇంట్లో చోటు లేదు. అందుకే డాక్టర్ "ఇక లాభం లేదు" అనగానే మావాళ్లు ఏడుపు కన్నా ముందు అడిగేది, "ఇంటికి వొయ్యేదాక ఊపిరి ఉంటదా సారూ?" అని.

ఉండదు. మిషన్ మీద ఆడుతున్న ఊపిరి మిషన్ తీస్తే ఎంతసేపు ఆడుతుంది? కాబట్టి ఆసుపత్రులు ఒక ఉపాయం చేస్తాయి. గొంతులోని ట్యూబు అలాగే ఉంచి, దాని కొసకు చేత్తో ఒత్తే రబ్బరు సంచి తగిలిస్తారు. అంబు బ్యాగు అంటాం దాన్ని. ఒక నర్సును బండి ఎక్కిస్తారు. ఆమె దారి పొడుగునా ఆ సంచి ఒత్తుతూ ఉంటుంది. ఇంట్లోకి మోసుకెళ్లి మంచం మీద పడుకోబెట్టాక ట్యూబు తీసేస్తుంది. ఇంటివాళ్లు నోట్లో తులసి నీళ్లు పోస్తారు. ఆ మనిషి తన ఇంట్లో, తనవాళ్ల మధ్య పోయినట్టు లెక్క. నేను చదివిన నర్సింగ్ పుస్తకాల్లో ఈ పాఠం ఎక్కడా లేదు. మా వైపు నర్సులు చేసేవాటిలో ఇంతకన్నా కష్టమైన పనీ లేదు.

ములుగులో నేను చేసింది ఒక చిన్న ప్రైవేటు ఆసుపత్రి. మెదడులో నరం చిట్లిన ఒక పెద్దాయనను అక్కడి నుంచి ఏటూరునాగారం అవతల ఉన్న ఊరికి పంపాల్సి వచ్చింది. బండిలో నన్ను ఒక్కదాన్నే ఎక్కించారు. తలుపు వేసేముందు డాక్టర్ అన్నాడు, "ఇంటికి చేరేదాకా ఒత్తుతూనే ఉండమ్మా. ఏం జరిగినా సరే, అక్కడికి వెళ్లాకే." ఏం జరిగినా అన్న మాటకు అర్థం నాకు పస్రా దాటి అడవిలోకి వెళ్లాక తెలిసింది. మెడ మీద వేలు పెట్టి చూస్తే నాడి లేదు.

నా చుట్టూ ఆయన కొడుకు, అన్నదమ్ములు, ఇంకా ఎవరెవరో మోకాళ్లు మోకాళ్లు ఆనించుకుని కూర్చున్నారు. నేను ఒత్తుతున్నాను. ఛాతీ లేస్తోంది, దిగుతోంది. చూసేవాళ్లకు బతికున్నట్టే. కొడుకు పాదాలు నిమురుతూ "బాపూ, ఇంక జరంత దూరమే, ఓర్చుకో" అంటున్నాడు. ఆ మాట విన్నప్పుడల్లా నా వెన్నులో చలి పుట్టింది. చచ్చినవాళ్లకు నర్సులు భయపడరు. నాకు భయం పుట్టింది బతికున్నవాళ్లను చూసి. ఏం చెప్పను? ఎవరికి చెప్పను? చుట్టూ అడవి. ఫోన్‌లో సిగ్నల్ లేదు. ఏం జరిగినా అక్కడికి వెళ్లాకే అన్నాడు కదా. ఒత్తుతూ కూర్చున్నాను.

ఇంట్లోకి మోశారు. మంచం మీద వేశారు. ఆయన భార్య వచ్చి ముందు పాదాల మీద చెయ్యి పెట్టింది. చెయ్యి అక్కడే ఆగిపోయింది. "కాళ్లు ఐసుగడ్డ లెక్క సల్లగున్నయి. ఎప్పుడు పోయిండు?" అని నన్నే అడిగింది. నా నోరు పెగల్లేదు. అంతే. "దార్లనే సచ్చిండు! పీనుగను ఇంట్లకు తెచ్చిన్రు!" అని ఎవరో అరిచారు. ఎవరిదో చెయ్యి నా జడను మెలిపెట్టి పట్టుకుంది. వాకిట్లోకి ఈడ్చారు. గాజులు పగిలాయి. తలెత్తి చూస్తే బండి లేదు. గొడవ మొదలవగానే డ్రైవర్ బండి తీసుకుని ఉడాయించాడు. ఆసుపత్రికి ఫోన్ చేస్తే ఎత్తలేదు. పొద్దుగూకే వేళకు మా ఆయన బైకు మీద, ఊరి పెద్దమనుషులను ముందు పెట్టుకుని వచ్చేదాకా, నన్ను ఆ వాకిట్లో నులకమంచం మీద కూర్చోబెట్టి చుట్టూ నిలబడ్డారు. మళ్లీ కొట్టలేదు. ఊరికే నిలబడి చూశారు. దెబ్బ కన్నా ఆ చూపులకు ఎక్కువ భయపడ్డాను.

ఆ తర్వాత నా కుడిచెయ్యి నా మాట వినడం మానేసింది. గ్లాసు పట్టుకున్నా వణుకే, చీపురు పట్టుకున్నా వణుకే. సూది పట్టుకుంటే ఇక చెప్పనక్కర్లేదు. ఉద్యోగం మానేశాను. పాము కరిచినవాడు తాడును చూసినా ఉలిక్కిపడతాడంటారు. నేను వీధిలో అంబులెన్సు కూత వినపడితే పొయ్యి మీద ఏముందో కూడా చూడకుండా లోపలి గదిలోకి వెళ్లేదాన్ని.

మడికొండలో అద్దె ఇంట్లో సామాను దించుకున్న రోజే మా ఆయనతో చెప్పాను, ఇక నర్సు పని చెయ్యను, హనుమకొండ చౌరస్తాలో ఏదైనా చీరల కొట్లో చేరతానని.

"చేరు. చీర మడతపెట్టేటప్పుడు చెయ్యి వణికితే చీర నలుగుతది. ఆ షావుకారి నిన్ను ముద్దు పెట్టుకుంటడా?" అన్నాడు.

"నీకు అన్నిటికీ నవ్వులాటే."

"నవ్వులాట కాదే. నిన్ను అంత దూరం ఒక్కదాన్ని పంపిండు సూడు, తప్పు వానిది. అన్ని దవాఖానలు గట్లనే ఉంటయా? చేరేముందే అడుగు. నచ్చితే చేరు, లేకుంటే లే. అడిగితే ఏం పోతది?"

అలా ఆ ప్రశ్న పుట్టింది. నిజానికి అది మా ఆయన ప్రశ్న. భయం మాత్రం నాది.

వరంగల్ వాళ్లకు వరంగల్ పెద్ద ఊరు కాదు. వాళ్లకు పట్నమంటే హైదరాబాదు. అడవి అంచున పెరిగిన నాకు మాత్రం ఒకే వీధిలో అన్ని ఆసుపత్రుల బోర్డులు చూస్తే కళ్లు తిరిగాయి. ఇంత జబ్బు ఈ భూమ్మీద ఉందా అనిపించింది. చాలా చోట్లకు తిరిగాను. చివరికి రెండు మిగిలాయి.

మొదటిది పెద్దది. అద్దాల లిఫ్టు. లోపల అడుగుపెడితే చలి. టై కట్టుకున్న ఒక కుర్రాడు ఇంటర్వ్యూ చేశాడు. ములుగులో వచ్చినదానికి దాదాపు రెండింతల జీతం చెప్పాడు. ఒరిజినల్ సర్టిఫికెట్లు తమ దగ్గరే ఉంటాయన్నాడు. తర్వాత ఏమైనా అడగాలా అన్నాడు. అడిగాను.

"ఒక సిస్టర్ వెళ్తుంది. డ్రైవర్ ఉంటాడు కదా" అన్నాడు.

"దారిలో పోతే?"

అతను నవ్వాడు. చెడ్డ నవ్వేం కాదు, చిన్నపిల్లకు చెప్పినట్టు నవ్వాడు. "అట్లా జరగదు సిస్టర్. ఇంటికి వెళ్లాకే పోతారు."

ములుగు డాక్టర్ చెప్పిన మాటకే టై కట్టి నా ఎదుట కూర్చోబెట్టారు. రేపే చేరిపోవచ్చు అని అతను చెప్తూనే ఉన్నాడు. నేను తల ఊపి బయటపడి, మెట్ల దగ్గర గోడకు ఆనుకుని నిలబడ్డాను. అటుగా పోతున్న నర్సు ఒకామె, నాకన్నా చిన్నది, ఆగి నీళ్ల సీసా ఇచ్చింది. కొత్తగా చేరుతున్నవా అక్కా అని అడిగింది. ఆమెనూ అదే అడిగాను. అటూ ఇటూ చూసి గొంతు తగ్గించింది.

"పోవుడు తప్పదక్కా. నేను మస్తుసార్లు వోయిన. ఒక్కటి యాదుంచుకో. ఊర్లకు వోంగనే బండిని మలిపిచ్చి, మూతి రోడ్డు దిక్కు పెట్టిపియ్యి. గట్ల పెడితేనే బండి దిగు."

ఆ పిల్ల నాకు మంచే చెప్పింది. కానీ ఆ మాట విన్నాక ఆ అద్దాల లిఫ్టు, ఆ చలి, ఆ జీతం ఏవీ నాకు కనపడలేదు. రోడ్డు వైపు మూతి పెట్టుకుని, ఇంజిన్ ఆపకుండా నిలబడ్డ బండి ఒక్కటే కనపడింది.

రెండోది వరంగల్ పాతబజారు వైపు సందులో ఉంది. లిఫ్టు పనిచేయదు. గోడలకు పెచ్చులు. భార్యాభర్తలైన ఇద్దరు డాక్టర్లు నడుపుతున్నారు. డాక్టరమ్మ నన్ను నాలుగు మాటలు అడిగి, చేతి వణుకు చూసి కూడా ఏమీ అనలేదు. గది మూలలో ఒక పెద్దావిడ సెలైన్ సీసాలు లెక్క చూసుకుంటూ అటు తిరిగి నిలబడింది. హెడ్ నర్సు. ఆ ఆసుపత్రిలో డాక్టర్లతో సహా అందరూ ఆమెను పెద్దక్క అంటారు. నేను నా ప్రశ్న అడగ్గానే డాక్టరమ్మ, "దానికి పెద్దక్కే చెప్పాలి" అంది.

పెద్దక్క ఇటు తిరగలేదు. "ఇద్దరం పోతం" అంది. "ఒక్క చెయ్యితోని ఎంతసేపు ఒత్తుతవు? నరాలు గుంజుకపోతయి."

"దారిలో పోతే?"

"పోతే బండి పక్కకు ఆపి చెప్తం."

"కొడితే?"

ఆ మాట నా నోట్లోంచి ఎలా వచ్చిందో నాకు తెలియదు. ఉద్యోగం అడగడానికి వచ్చినదాని గొంతులా లేదది. డాక్టరమ్మ కలం కింద పెట్టింది. పెద్దక్క సీసా కింద పెట్టి, అప్పుడు తిరిగి నన్ను తేరిపార చూసింది.

"కొట్టిన్రు" అంది. "ఒకపారి కొట్టిన్రు. ఇద్దరికి తలా రెండు పడ్డయి. ఒక్కదానికే నాలుగు పడేకన్న నయమే గద బిడ్డా."

కొట్టరు అని చెప్పి ఉంటే నేను నమ్మేదాన్ని కాదు. లేచి వెళ్లిపోయేదాన్ని.

ఇంటికొచ్చి రెండు జీతాలూ చెప్తే మా ఆయన వేళ్ల మీద లెక్క వేసుకున్నాడు. ఆ డబ్బు తేడా మాకు చిన్నది కాదు. చివరికి, "పోనీ తియ్. పెద్ద జీతం తెచ్చి నువ్వు లోపలి అర్రల దాక్కుంటే నాకేం లాభం?" అన్నాడు. ధైర్యం ఉన్నవాళ్లు జీతం చూసి ఉద్యోగం ఎంచుకుంటారు. నేను నా భయాన్ని అడిగి ఎంచుకున్నాను.

చేరాక భయం పోయిందనుకుంటే పొరపాటు. చెయ్యి కొంత నయమైంది. నరం దొరకనప్పుడు పెద్దక్క వచ్చి నా మణికట్టు కింద తన అరచెయ్యి ఆనించేది. కానీ ఐసీయూ బయట ఎవరైనా "ఇంటికి తీసుకపోతం సారూ" అన్నారంటే నాకు స్టోర్ రూములో ఏదో అర్జెంటు పని గుర్తొచ్చేది. దూది సర్దేదాన్ని. సర్దిన దూదినే మళ్లీ సర్దేదాన్ని. పెద్దక్క నన్ను దాటి వేరే నర్సును పిలిచేది. బండి తలుపు పడిన చప్పుడు విన్నాక బయటికి వచ్చేదాన్ని. ఆమె నన్ను ఒక్క మాట అంటే బాగుండు అనిపించేది. అనలేదు. ఇద్దరం పోతం అన్న ఆసుపత్రిని వెతుక్కుని వచ్చి, ఆ ఇద్దరిలో ఒకతెను కాకుండా తప్పించుకు తిరుగుతున్నానని నాకు మాత్రం తెలియదా?

వానలు పడ్డాయి. ఒక పొద్దున ములుగు అవతలి ఊరి రైతును ఇంటికి పంపాలన్నారు. పక్షవాతం వచ్చి, వారం నుంచి మిషన్ మీదున్న మనిషి. ఆయన భార్య సన్నగా, చిన్నగా ఉంటుంది. ఐసీయూ తలుపు ఎదుట స్టీలు టిఫిను ఒళ్లో పెట్టుకుని, మూత తీయకుండా రోజులకు రోజులు కూర్చుంది. ఆయన తమ్ముడు కాగితాల మీద వేలిముద్రలు పెట్టించుకుని తిరుగుతున్నాడు. డ్యూటీలో నేను, పెద్దక్క, పుట్టి వారం కూడా కాని పిల్లల దగ్గర కూర్చున్న ఇంకో నర్సు. ఆమె కదలడానికి లేదు. నేను అప్పటికే స్టోర్ రూము తలుపు మీద చెయ్యి వేశాను.

"దూది ఎటూ పోదు" అంది పెద్దక్క. "ఇయ్యాల నువ్వే."

"అక్కా, నాతోని కాదు."

"ఒక్కదానితోని నాతోని గూడ కాదు. మోకాళ్లు నొస్తానయి, నన్ను నిలవెట్టకు. ఎక్కు."

ఎక్కాను. ఎక్కేముందు జడను గట్టిగా ముడిచి కొప్పు పెట్టి, పైన టోపీ వేసుకున్నాను. పట్టుకోవడానికి ఎవరికీ జడ దొరకకూడదు.

ములుగు రోడ్డు. అద్దాల మీద వాన. ఒకవైపు నేను, ఎదురుగా పెద్దక్క, పాదాల దగ్గర భార్య, తలుపు దగ్గర తమ్ముడు. కొంతసేపు నేను ఒత్తాను, కొంతసేపు ఆమె ఒత్తింది. చెయ్యి మారేటప్పుడల్లా ఆమె కళ్లతోనే ఇటు ఇవ్వు అనేది. మెడ మీద వేలు పెట్టి చూసే పని ఆమెది. నాడి ఉందా అని నేను అడగలేదు. అడిగితే ఏం వినాల్సి వస్తుందోనని భయం. ములుగు ఇంకా రాలేదు. గట్టమ్మ గుడి దగ్గర డ్రైవర్ అలవాటుగా హారన్ కొట్టి ఒంటిచేత్తో దండం పెట్టాడు. భార్య కూడా పెట్టింది. తలెత్తి చూస్తే పెద్దక్క వేళ్లు ఆ మెడ మీద నుంచి కదలడం లేదు. జేబులోంచి టార్చి తీసి కనురెప్ప ఎత్తి చూసింది. నన్ను చూడమంది. నేనూ చూశాను. కంటిపాప వెలుతురుకు కదల్లేదు. మెడలో ఏమీ లేదు.

నా లోపల అంతా ములుగు ఆసుపత్రి బండి అయిపోయింది. అదే రోడ్డు. అదే రబ్బరు సంచి. ఇంకొంత దూరం పోతే అదే అడవి.

పెద్దక్క డ్రైవర్ వెనకున్న అద్దం మీద కొట్టింది. "పక్కకు ఆపు." బండి ఆగింది. ఆమె ఫోన్ తీసి డాక్టరుకు కలిపి, "వాళ్లకు నువ్వు చెప్పు" అంది నాతో.

"మీరు చెప్పండి అక్కా."

"నేను ఫోన్ల ఉన్న. ఈడనే ఉన్న. చెప్పు."

తమ్ముడు నా వైపే చూస్తున్నాడు. బలమైన చేతులు. నాకూ తలుపుకూ మధ్యన అతనే ఉన్నాడు. పారిపోవడానికి దారి లేదని ముందే చూసుకున్నాను. చెప్పకపోతే ఏమవుతుందో నాకు తెలుసు, చెప్తే ఏమవుతుందో తెలియదు. తెలియని భయాన్నే పట్టుకున్నాను.

"అమ్మా" అన్నాను, "పెద్దాయన పోయిండు. ఇప్పుడే పోయిండు. ఈడనే."

తమ్ముడి చెయ్యి గాల్లోకి లేచింది. నేను తల వంచుకుని కళ్లు మూసుకున్నాను. దెబ్బ పడలేదు. కళ్లు తెరిస్తే అతను పైనున్న కడ్డీ పట్టుకుని, ఆ చేతిలో ముఖం దాచుకుని వెక్కి వెక్కి ఏడుస్తున్నాడు.

భార్య ఏడవలేదు. ఆయన ఛాతీనే చూస్తోంది. "ఊపిరి తీస్తాండు గద బిడ్డా?" అంది.

అప్పుడు తెలిసింది, నా చెయ్యి ఇంకా ఒత్తుతూనే ఉందని.

"అది నేను కొడుతున్న గాలమ్మా. ఆయనది కాదు" అని చెయ్యి తీసేశాను. లేచిన ఛాతీ దిగింది. మళ్లీ లేవలేదు. ఆమె చూసింది. తన కళ్లతో తనే చూసింది. పెద్దక్క ఫోన్‌లో టైమ్ చెప్పడం వినపడింది.

"ఇల్లు ఇంకెంత దూరముంది?" అని ఆమె మరిదిని అడిగింది.

"అరగంట వదినా."

ఆమె నా వైపు జరిగింది. "ఇల్లు కట్టి ఏడాది గాలే. గోడలకు సున్నం గూడ ఎయ్యలే. పత్తి అమ్మంగనే ఏద్దామన్నడు. ఆ ఇంట్ల నాలుగు దినాలు సుత సుఖంగ పండలే. ఆయన్ని వాకిట్ల పండవెట్టాల్నా? ఒత్తు బిడ్డా. ఇంటిదాక ఒత్తు. పోయిండని నాకెరికే. ఎరికయ్యే అడుగుతాన్న."

మళ్లీ అదే. చచ్చిన మనిషికి గాలి కొడుతూ ఊళ్లోకి వెళ్లడం, మళ్లీ వాకిలి, మళ్లీ ఎవరో పాదాలు ముట్టుకుని ఎప్పుడు పోయిండని అడగడం. "నాతోని కాదమ్మా, నాతోని కాదు" అన్నాను. ఏడుపు వచ్చేసింది నాకు. వాళ్ల మనిషి పోతే ఏడుస్తున్నది నేను.

"అవద్దం మేం చెప్పమమ్మా" అంది పెద్దక్క మెల్లగా.

"మిమ్ముల చెప్పుమంటలేను. నాకియ్యిన్రి. నేనే ఒత్తుత."

పెద్దక్క నన్ను చూసింది. ఇది నర్సింగ్ కాదు, డాక్టర్ చెప్పిందీ కాదు. ఆమె కిటికీలోంచి వానలోకి చూడసాగింది. నిర్ణయం నాకే వదిలేసిందని అర్థమైంది. సంచిని ఆయన భార్య చేతిలో పెట్టాను.

పత్తి ఏరిన చేతులు, నా చేతుల కన్నా గట్టివి. మొదట గబగబా ఒత్తేసింది. "మెల్లగమ్మా" అన్నాను. "మీరు ఊపిరి తీసుకున్నప్పుడల్లా ఒక్కసారి." ఆమె తల ఊపింది. తను ఊపిరి పీల్చినప్పుడల్లా ఆయనకూ ఒకటి పంపింది. బండి కదిలింది. ములుగు వచ్చింది, పోయింది. తమ్ముడు ఏడుపు ఆపి వదిన చేతుల్నే చూస్తూ కూర్చున్నాడు. ట్యూబు జారకుండా నేను పట్టుకున్నాను. ఆ అరగంటలో ఆమె ఒక్కసారీ చెయ్యి మార్చమనలేదు. నేను అడిగితే తల అడ్డంగా ఊపింది.

ఊరు వచ్చింది. ఇంటి ముందు గొడుగులు పట్టుకుని చాలామంది ఉన్నారు. స్ట్రెచర్ దించారు. ఆమె పక్కనే నడుస్తూ ఒత్తుతోంది, నేను ట్యూబు పట్టుకుని, నా వెనక పెద్దక్క కుంటుకుంటూ. సిమెంటు గడప. దాటాం. సున్నం వేయని గది. మంచం మీద పడుకోబెట్టాక ఆమె ఇంకో నాలుగుసార్లు ఒత్తింది. తర్వాత ఆయన ముఖం కొంగుతో తుడిచి, సంచి నా చేతికిచ్చింది.

"ఇగ తియ్యి బిడ్డా."

తీశాను. ఎవరో తులసి నీళ్లు పట్టుకొచ్చారు. ఇంట్లో ఏడుపులు లేచాయి. అప్పుడు కర్ర పట్టుకున్న ఒక ముసలాయన వంగి, పెద్దాయన పాదం మీద చెయ్యి పెట్టాడు. పెట్టి, నా వైపు తిరిగాడు.

"ఎప్పుడు పోయిండమ్మా?"

అదే మాట. గదిలో అందరూ నా వైపు తిరిగారు. పెద్దక్క భుజం నా భుజానికి తగిలింది. నిజం చెప్పడానికే నోరు తెరిచాను, గట్టమ్మ గుడి దగ్గర అని. గొంతులో మాట ఇంకా తయారవుతూనే ఉంది.

"ఆ పిల్లనేంది అడుగుడు, నన్నడుగున్రి" అంది ఆమె, మంచం పట్టె మీద నుంచి లేవకుండా. "నా చేతుల్ల పోయిండు."

ముసలాయన ఆమె చేతుల వంక చూశాడు. కర్ర పక్కన పెట్టి నేల మీద కూర్చుండిపోయాడు. ఇంకెవరూ ఏమీ అడగలేదు.

బయటికి వచ్చి చూస్తే మా బండి మూతి ఇంటి గోడకు ఆనించినట్టుంది. దాన్ని రోడ్డు వైపు తిప్పించుకుని గానీ దిగొద్దని అద్దాల లిఫ్టు ఆసుపత్రి పిల్ల అంత జాగ్రత్తగా చెప్పింది. నేను తిప్పించడమే మరిచిపోయాను. ఆ బురదలో బండిని వెనక్కి తీయడానికి డ్రైవరుకు చాలాసేపు పట్టింది. చక్రం దిగబడితే, లోపలి నుంచి నలుగురు వచ్చి నెట్టారు. వాళ్లలో కడ్డీ పట్టుకుని ఏడ్చిన ఆ తమ్ముడు కూడా ఉన్నాడు.